కందిలి ఆరని బావి

24 మార్చి 1987
హైమ సైన్సు నోట్సులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులోనే రాస్తున్నాను. నేను చదివింది నాలుగో క్లాసు. తప్పులుంటే దిద్దే పిల్ల పోయి పన్నెండు రోజులైంది.

25 మార్చి
ముందు పేజీలు చదివాను. భూమి చుట్టూ గాలి పొరలు గీసింది. ట్రోపో, స్ట్రాటో, మీసో, ఇంకా పైకి. ఒక్కో పొరకు ఒక్కో రంగు. గాలిలో వందకు డెబ్బై ఎనిమిది పాళ్లు నత్రజని, ఇరవై ఒకటి ప్రాణవాయువు అని రాసుకుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచనట. అన్నిటికన్నా కింద భూమి అని గీత గీసి ఆపేసింది. గీత కింద ఏమీ లేదు.
మా బావి ఆ గీత కిందే ఉంది.

27 మార్చి, పొద్దున
ఇది ఎవరితోనూ అనలేదు.
నీళ్లు లోతుకు పోయాయని ఆయన ఆయిల్ ఇంజన్‌ను బావి లోపలి గట్టు మీదికి దింపాడు. ఇక్కడ అందరూ చేసే పనే. హైమ పోయిన రోజు ఆయన డీజిల్‌కు ఏన్కూరు పోయాడు. పొద్దుటి నుంచి నడుస్తున్న ఇంజన్ ఆగింది. నేను చూసొస్తనే అమ్మా అని హైమ లేచింది. పాడుబావిలో దిగే ముందు మా నాయన దీపం దింపి చూసేవాడు, ఆరితే లోపల చెడ్డగాలి ఉన్నట్టని. నేనూ కందిలి తాడుకు కట్టి దింపాను. నిటారుగా వెలిగింది. నీ కందిలి నా కంటే ముందే టెన్త్ పాసయ్యేటట్టుందే అని నవ్వింది. దిగు బిడ్డా అన్నాను.
ఇంజన్ పక్కన కూర్చుండిపోయింది. పిలిస్తే పలకలేదు. అలిసిందనుకున్నాను. తర్వాత పక్కకు ఒరిగింది. నేను దిగబోతే పక్క చేను బుల్లెమ్మ కొంగు పట్టి లాగింది.
కందిలి వెలుగుతూనే ఉంది.

28 మార్చి
బావి ప్రాణం కోరింది, కోడిని కొయ్యుండ్రి అంటుంది బుల్లెమ్మ. కాలు జారింది అంటాడు ఆయన. నన్ను ఎవరూ ఏమీ అనరు.

31 మార్చి
హైమ బడి నుంచి భద్రు సారు వచ్చాడు. బావిలోకి దింపిన కందిలి ఎందుకు ఆరలేదు సారూ అని అడిగాను. ప్రాణవాయువు బాగా తగ్గితేనే దీపం ఆరుతదమ్మా, ఇంజన్ పొగలో ఇంకో విషగాలి ఉంటది, దానికి రంగు లేదు, వాసన లేదు, అండ్ల దీపం మంచిగనే వెలుగుతది, మనిషే బతకడు అన్నాడు. హైమ పాఠంలో అది ఉందా అంటే లేదన్నాడు. నీ తప్పేం లేదమ్మా అన్నాడు.
దిగమన్న నోరు నాదే.

2 ఏప్రిల్
ఆయనకు అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంజన్ పైకి లాగమన్నాను. పైన పెడితే నీళ్లందవు, పొట్ట మీదున్న వరిని ఎండబెట్టమంటవా, ఏం తింటం అన్నాడు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ కాంగనే పైకొస్త, నువ్వు ఒడ్డున కూసోని పిలుస్తా ఉండు, పలుకుత అన్నాడు.

4 ఏప్రిల్
ఏమని పిలవను? మొగుడి పేరు నోట అనే అలవాటు లేదు మాకు. పదిహేనేళ్లుగా హైమ నాయనా అనే పిలిచాను.

5 ఏప్రిల్
ఇంజన్ స్టార్ట్ అయింది. పొగ లేచింది. పిలిచాను. హైమా అన్నంత వరకే వచ్చింది.
లోపలి నుంచి ఆయన ఓ అన్నాడు.