శీను రక్తపరీక్ష

మంగళవారం, సిద్దిపేట

నా కొడుకు శీను రక్తం గడ్డకట్టదు. అందుకు కావలసిన జన్యువు పుట్టుకతోనే చెడిపోయింది. మంచి జన్యువును వైరస్‌లో పెట్టి కాలేయానికి పంపుతామని హైదరాబాద్ డాక్టరు ఈరోజు చెప్పాడు.

"వైరసా సారూ?" భయంగా అడిగాను.

"దాన్ల రోగం తీసేసినమమ్మా. ఉత్త మోసే బండే."

"ఆటో అసొంటిదమ్మా, ప్యాసింజర్‌ను దింపి పోతది," అని శీను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వైరస్‌ను ఎదిరించే శక్తి వాడి ఒంట్లో ముందే ఉంటే మందు పనిచేయదట. అది తెలుసుకోవడానికే వాడి రక్తం తీసుకున్నారు, రేపు రిపోర్టు వస్తుంది.

ఇన్నేళ్లూ వాడి నుదుట పసుపు బండారి పెట్టి, "మల్లన్నా, ఏ రోగాన్నైనా ఎదిరించే బలమియ్యి" అని మొక్కాను. ఈ సాయంత్రం కూడా అలవాటుగా అదే మాట నోటికొచ్చింది. సగంలో ఆపేశాను. ఇచ్చిన బలాన్ని ఈ ఒక్కచోట వెనక్కి తీసుకొమ్మని దేవుణ్ని ఎలా అడగాలి...