నట్టు మీద పసుపు గీత

జూన్ 3

వదిన నా షాపుకి కారు తెచ్చింది. సెకండ్ హ్యాండ్. కొని నెల కూడా కాలేదట. నాతో ఒక్క మాట చెప్పి కొనొచ్చుగా అని గయ్యిమన్నాను. చెప్తే కొననిచ్చేవాడివా అంది. నిజమే. అన్నయ్య పోయాక ఆవిడ స్టీరింగ్ పట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఆస్పత్రిలో షిఫ్టు డ్యూటీలు, పొద్దున్నే పాపని స్కూల్లో దింపాలి. ఏం చేస్తుంది మరి.

స్టీరింగ్ లూజు. తిన్నటి రోడ్డు మీద కూడా అటూ ఇటూ సర్దుకుంటూ పోవాల్సి వస్తోందట. తిప్పి చూశాను. మూడు వేళ్ల మందం తిరిగితే గానీ టైర్లు కదలడం లేదు. జాకీతో బండి ఎత్తి, టైరుని రెండు పక్కలా పట్టుకుని ఊపాను. ఎడమ వైపు టకటకమంది. టై రాడ్ ఎండ్, అంటే టైరుని తిప్పే కడ్డీ చివరి జాయింటు, అరిగిపోయింది. కొత్తది వేసి, నట్టుని, సరిపడా బిగువు రాగానే టిక్కుమనే టార్క్ రెంచ్‌తో బిగించి, నట్టు మీంచి కిందికి తెల్ల పెయింటుతో గీత గీశాను. బిగించాకే గీత. తర్వాత నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది.

జూన్ 9

మళ్లీ లూజు. పార్టులు అమ్మేవాణ్ణి నాలుగు తిట్టి కారు కిందికి దూరాను.

నట్టు వేళ్లతో తిరిగింది. రెంచ్ అక్కర్లేకుండా. తిప్పకముందు దాని మీద గీత తిన్నగానే ఉంది. కానీ అది తెల్ల గీత కాదు, పసుపుది. నేను పసుపు పెయింటు ముట్టుకుని రెండేళ్లయింది. డబ్బా కూడా పారేశాను. నట్టు బిగించి, గుడ్డతో ఆ గీత తుడిచేశాను. వదినకి ఏం చెప్పలేదు.

జూన్ 9, సాయంత్రం 6

ఎక్కడా రాయలేదు ఇప్పటిదాకా. రాస్తాను.

రెండేళ్ల కిందట అన్నయ్య కారుకి ఇదే పని చేశాను. నట్టు వేళ్లతో ఎక్కించాను. బ్రష్ చేతిలోనే ఉంది కదా అని పసుపు గీత ముందే గీసేశాను. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి చూస్తే గీత ఉంది. గీత ఉందంటే బిగించినట్టే. టైరు ఎక్కించి పంపేశాను.

రెండ్రోజులకి అన్నయ్య వచ్చి, స్టీరింగ్ ఏదోలా ఉందిరా అన్నాడు. కిందికి వంగి టార్చి వేశాను. గీత తిన్నగా ఉంది. ఏం లేదు, నీదంతా అనుమానం అన్నాను. వేలు పెట్టి చూడలేదు. ఒక్క వేలు పెట్టి ఉంటే చాలు.

మర్నాడు వానలో, మలుపు దగ్గర. బండి జారింది అన్నారు పోలీసులు. అందరూ అవునన్నారు, నేనూ అవునన్నాను. నుజ్జయిన కారు కిందికి వంగి చూసింది నేనొక్కణ్ణే. నట్టు లేదు.

నేనే చంపాను. రాయడానికి చెయ్యి వచ్చింది గానీ చెప్పడానికి నోరు రాదు.

జూన్ 11

వదిన ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూన్ 14

మళ్లీ లూజు. మళ్లీ పసుపు గీత. ఈసారి నట్టు, జాయింటు రెండూ మార్చాను. మూడుసార్లు టార్క్ చూశాను. ఏ గీతా గీయలేదు. ఫోన్‌తో ఫొటో తీశాను. నట్టుకి పాస్‌పోర్టు తీయిస్తున్నావా అని వదిన వెక్కిరించింది. నవ్వినట్టు మొహం పెట్టాను.

జూన్ 20

మలుపులో వదిన చేతిలో స్టీరింగ్ ఊరికే తిరిగిపోయిందట. కారు అవతలి పక్కకి వెళ్లిందట. ఎదురుగా లారీ. డ్రైవరెవరో మహానుభావుడు, పక్కకి కోసి తప్పించాడట. పాప వెనక సీట్లోనే ఉంది.

కిందికి దూరాను. పసుపు గీత. ఫొటోలో లేదు, నట్టు మీద ఉంది. ముట్టుకుంటే వేలికి అంటింది. తడి ఆరలేదు.

కారు ఇవ్వనన్నాను. డ్యూటీకి ఎట్లా వెళ్లాలి, నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకో మెకానిక్ దగ్గరికి పోతానంది. పోతే? ఎన్నాళ్లు దాస్తాను? ఈసారి పాప కూడా పోతుంది.

జూన్ 21

వదినకి చెప్పేశాను. ఫోన్, బ్రష్, గీత, టార్చి, అన్నీ.

ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. అన్నయ్య పోయిన పొద్దున, కారు బాగాలేకపోతే బస్సులో వెళ్లమని తనే చెప్పిందట. తమ్ముడు చూశాడుగా, వాడు చూశాక ఇంకేం భయం అన్నాడట అన్నయ్య. రెండేళ్లుగా వానని తిట్టుకుంటున్నాను అంది.

గుమ్మం దాటి మళ్లీ వెనక్కి వచ్చింది. రేపు నా ఎదురుగా బిగించు, పాప ఎక్కే బండి అంది.

జూన్ 22, ఉదయం 10

ఆదివారం. షాపులో మేమిద్దరమే. వదినని సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ ఊపుతూ ఉండమన్నాను. నేను కింద పడుకున్నాను. నట్టు వేళ్లతో ఎక్కించి, చూడకుండానే రెంచ్ కోసం చెయ్యి చాపాను. చేతిలో పెట్టారు. టిక్కుమనేదాకా బిగించాను.

థాంక్స్ వదినా అన్నాను.

ఎందుకు అంది, పైన సీట్లోంచి.