కోర్టు ఒప్పుకున్న మన తోడు

ఏమండీ,

మిమ్మల్ని లారీ గుద్దిన కేసులో ఈరోజు రాజమండ్రి కోర్టు తీర్పు చెప్పింది. మీ సంపాదన పోయినందుకే కాదు, మీ తోడు పోయినందుకు కూడా నాకు పరిహారం ఇవ్వమంది. అలా అడగొచ్చని మన లాయరు సత్యవతి గారు మొదట చెప్పినప్పుడు నేనే నమ్మలేదు.

ఆ తోడు గురించే పోయినేడాది లారీ ఇన్సూరెన్సు కంపెనీ లాయరు గారు నన్ను బోనులో నిలబెట్టి అడిగారు. "ఏమ్మా, చర్చిలో కూడా మీరిద్దరూ విడివిడిగా కూర్చునేవారట! ఇంకేం అన్యోన్యం?"

ఎవరో నవ్వారు. నా గొంతు చిన్నదే కదా, అయినా జడ్జి గారికి వినపడేలా చెప్పాను. "మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారండి. ఆయనది చివరి బెంచీ. పాస్టరు అయ్యగారు చెప్పే పాట నంబరు అక్కడికి సరిగా వినపడదు. నేను వెనక్కి తిరిగి వేళ్ళతో చూపించేదాన్ని. ఆయన నాకోసమే చూస్తూ ఉండేవారండి. ఇరవై ఆరేళ్ళూ అంతే."

"మరి ముందుకొచ్చి కూర్చోవచ్చుగా?" అన్నారు జడ్జి గారు.

"ప్రసంగంలో నిద్రపోయేవారండి."

ఈసారి ఆ లాయరు గారు కూడా నవ్వేశారు. ఫైలు మూసేసి కూర్చున్నారు.

ఇందాక సత్యవతి గారు ఫోన్ చేసి తీర్పు చదివి, మొత్తం ఎంతొచ్చిందో చెప్పబోయారు. "అది తర్వాత చెబుదురు గానండి, తోడు గురించి రాసిన వాక్యం ఇంకోసారి చదవండి" అన్నాను. ఆవిడ నెమ్మదిగా చదివారు.

దేవునికి ఎప్పుడో తెలిసిన సంగతి, ఇప్పుడు కోర్టువారి కాగితం మీద కూడా ఉందండి.

మీ
మార్తమ్మ