అమ్మ మాట్లాడిన వేగం

అక్కయ్యకు,

నీవు పంపిన పాత ఫోనోగ్రాఫు బాగుపడింది. తెగిన స్ప్రింగు మార్చాను, పళ్ళచక్రాల తుప్పు వదిలించాను. రాత్రిబడిలో చదివినవాడి పనితనం ఇదని బావగారితో నిస్సంకోచంగా చెప్పవచ్చు.

దానితోపాటు పంపిన మైనపు గొట్టం సంగతి వేరు. "అమ్మ మాటలున్నది అదొక్కటేరా, పాడుచేశావో చెవి మెలేస్తాను" అని వ్రాశావు. సూది తగిలిన ప్రతిసారీ మైనం అరుగుతుంది. అందుకే యంత్రం తిరిగే వేగం సరిచూసేటప్పుడు ఏదైనా పాడైన గొట్టమే వాడాలని దుకాణం గోడమీద నేనే వ్రాసిపెట్టుకున్నాను. అయినా అమ్మ గొట్టమే పెట్టాను.

"గట్టిగా అరవకే, తమ్ముడిప్పుడే పడుకున్నాడు" అంది అమ్మ.

నాకు ఊహ తెలియకముందే పోయిన మనిషి గొంతు వినడం అదే మొదటిసారి. ఆ పడుకున్న తమ్ముణ్ణి నేనే కదా. వేగం సరిచూస్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ వేశాను. ఇప్పుడు గరగర తప్ప ఏమీ వినిపించదు.

నీవు ఇన్నేళ్ళు దాచినదాన్ని నేను ఒక్క పూటలో అరగదీశాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఒక్కటి మాత్రం వ్రాయి. అమ్మ నెమ్మదిగా మాట్లాడేదా, గబగబా మాట్లాడేదా? వేగం తప్పితే గొంతే మారిపోతుంది. నేను విన్నది ఆమె గొంతేనా అన్నది నాకింకా తేలలేదు.

నీ తమ్ముడు