తొట్టెలో బ్లీచింగ్

బుధవారం రాత్రి, ఏలూరు

పొద్దున డంపింగ్ యార్డులో తొట్టె దగ్గరికి వెళ్లగానే మట్టివాసనకు బదులు బ్లీచింగ్ వాసన కొట్టింది. చెత్తకుప్పల కింద ఊరే నల్లనీళ్లను ఆ తొట్టెలోనే నా సూక్ష్మజీవులు తిని శుభ్రం చేస్తాయి. ఆఫీసరు వస్తున్నారని యార్డు ఊడ్చే నూకరత్నం గారు అంతటా బ్లీచింగ్ చల్లి, మిగిలింది అందులో పోసేశారట.

“అందులోవి చచ్చిపోయాయండీ,” అన్నాను.

“పురుగులేగా అండీ! పోతే మంచిదే కదండీ,” అని నవ్వారు.

అంత శ్రద్ధగా చేసిన మనిషిని ఏమనను? ఆఫీసరు గారైతే వాసన లేదని మెచ్చుకుని మరీ వెళ్లారు. వాటిని మళ్లీ పెంచేదాకా ఆ నల్లనీళ్లను ఎక్కడ ఆపాలి? గట్టి వాన పడితే కాలువలోకి, అక్కడి నుంచి కొల్లేటిలోకి...

ఈ ఊరొచ్చాక నేను రోజూ పలకరించింది ఆ సూక్ష్మజీవులనే. బెల్లంనీళ్లు పోస్తూ “తినండర్రా” అనేదాన్ని.

పరీక్ష కోసం నిన్న తొట్టెలోంచి గదికి తెచ్చిన సీసాలో కాస్త బురద మిగిలి ఉంది. ఇందాక మూత తీస్తే మట్టివాసనే వచ్చింది. బ్రతికే ఉన్నాయి. చిన్న బెల్లం ముక్క వేసి, గాలి తగిలేలా చెంచాతో కలిపి, నా కంచం పక్కనే పెట్టుకున్నాను. ఈ గదిలో నాకు తోడుండగా అన్నం తినడం ఇవాళే మొదటిసారి.