ఒక్క ఊఁ చాలు

ఆత్రేయపురం

వెంకటదుర్గ వదినకి,

ఉప్పాడలో మీ అమ్మాయి ఇంట్లో కుదురుకున్నావని తలుస్తాను. ఫోనులోనే చెబుదామనుకున్నాను గానీ, నీ గొంతు వినగానే చెప్పాల్సింది మర్చిపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

మొన్న పూతరేకులు తీయడం అయ్యాక పొయ్యి ఆర్పకుండానే బజారుకెళ్లిపోయాను. పక్కనున్న ఎండు కొబ్బరాకులు అంటుకున్నాయి. ఎదురింటివాళ్లు చూసి నీళ్లు పోశారు కాబట్టి సరిపోయింది. కంగారుపడకు, రేకులు తీసే కుండ కూడా పగల్లేదు.

డాక్టరుగారికి చూపించుకున్నాను. "జబ్బేం లేదమ్మా. చేసే పని పైకి చెప్తూ చెయ్యండి, గుర్తుంటుంది" అన్నారు. అప్పట్నుంచీ "పొయ్యి ఆర్పాను, తలుపేశాను" అని పైకే అంటున్నాను. అయినా వీధి చివరిదాకా వెళ్లి, అనుమానమొచ్చి వెనక్కొస్తున్నాను.

ఎందుకా అని ఆలోచిస్తే నిన్న తట్టింది. ఇన్నేళ్లూ నేను రేకు తీస్తూ ఏదో ఒకటి అంటూనే ఉండేదాన్ని. ఎదురుగా కూర్చుని నెయ్యి రాసి చుడుతూ, నువ్వు తలెత్తకుండానే "ఊఁ" అనేదానివి. నువ్వు ఊఁ అన్న మాట నేనెప్పుడూ మర్చిపోలేదు. ఇప్పుడు తీయడమూ నేనే, చుట్టడమూ నేనే.

నాకు బెంగేం లేదు, మతిమరుపొక్కటే. మీ అమ్మాయి చేత నీ "ఊఁ" రికార్డు చేయించి వాట్సాప్‌లో పంపు. బయటికెళ్లేముందు నొక్కుకుంటాను. ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

చీకటి పడుతోంది, ఉంటాను.

ఇదిగో, పొయ్యి ఆర్పాను వదినా.