ఈసారి కవరు మీద నీ పేరే

మదనపల్లె,
బుధవారం.

ప్రియమైన సారక్కకు నీ చెల్లెలు సుగుణ ప్రేమతో రాసుకునే సంగతులు. దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. నీ నడుంనొప్పి ఎలా ఉంది? చంటిదానికి దగ్గు తగ్గిందా? అన్నీ రాయి. కానీ నీ మాటల్లో రాయి. ఎందుకలా అంటున్నానో కింద చెబుతాను.

నా గురించి దిగులు పడొద్దు. ఇక్కడి చలి మన కుప్పం చలి లాంటిదే గానీ అక్కడ నీ దుప్పట్లో దూరేదాన్ని, ఇక్కడ ఆ వీలు లేదు. టీచర్ల హాస్టల్లో వారానికి నాలుగు రోజులు సంగటే. మిగతా రోజుల్లో రేషను బియ్యం. ఏరడం మొదలుపెడితే బియ్యంలో రాళ్ళున్నాయో రాళ్ళలో బియ్యమున్నాయో తెలియదు. నాలుగో తరగతి పిల్లలు మాత్రం బంగారాలు. ఆదివారం సాయంత్రాలు ఒంటరిగా అనిపిస్తుంది, అంతే. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

ఇక నాటకం సంగతి. పోయిన ఉత్తరంలో రాశాను గానీ అది నీదాకా వచ్చిందో లేదో అనుమానం, కాబట్టి మొదటినుంచి చెబుతాను. మనం చిన్నప్పుడు కుప్పంలో ఒక నాటకం చూశాం, గుర్తుందా? మొగుడి మాటలు పడలేక భార్య ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, తెర పడుతుంది. ఆ భార్య వేషం కట్టింది మీసాలు గొరుక్కున్న మగాయన. ఇంటికొస్తూ అందరూ ఆయన పాటలు మెచ్చుకుంటుంటే నువ్వు మాత్రం, "ఆయమ్మ యాడికి పోయిందో, ఏం తినిందో, ఎవురూ సెప్పలేదే" అన్నావు. ఆ మాట నేను మా తెలుగు టీచరుకు చెప్పాను. ఆమె దాన్ని పట్టుకుని దాని తరువాయి నాటకం రాసింది. ఇల్లు వదిలిన ఆడమనిషి ఎక్కడ తలదాచుకుంది, ఏ పని చేసి బతికింది, పదేళ్ళకు ఎలా ఉంది, అదే కథ. మగవేషాలతో సహా అన్నీ మేం ఆడటీచర్లమే కడుతున్నాం. ఆ ఇల్లు వదిలినామె వేషం నాది.

పదిహేను రోజుల కిందట మా పెద్ద టీచరు రూతమ్మగారు నన్ను పిలిపించారు.

"సుగుణా, స్టేజీ మింద బీడీ తాగతావంట, నిజమేనా?"

"లేదమ్మా. ఎవురు సెప్పినారు?"

"ఉత్తరమొచ్చింది. రాసినవాళ్ళ పేరు సెప్పనని మాటిచ్చినాను. నీ ఇంటివాళ్ళ ఒప్పుదల లేనిదే నిన్ను ఆడనిచ్చేదానికి లేదు. ఈపొద్దుటికి మూడో సోమారం దాకా సూస్తాను, ఆపైన యేషం ఇంకొకరికి పోతాది."

నాటకంలో బీడీ లేదు, నిప్పుపుల్ల కూడా లేదు. నిన్ను నవ్వించడానికి పోయిన ఉత్తరంలో నేనే రాశాను, రెండో అంకంలో బీడీ ముట్టిస్తానని. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కాబట్టి నేను రాసేటప్పుడు నా గదిలోని ఎస్తేరు తొంగిచూసి ఉంటుందని అనుకున్నాను. పైగా నా వేషం మొదట తనే అడిగింది, ఇప్పుడు మొగుడి వేషంతో సరిపెట్టుకుంది. బీడీ మాట ఎత్తగానే తన చేతిలో పళ్ళెం జారింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా. పాలిస్తే నీళ్ళెన్ని కలిపారోనని చూసే పిల్లనని అమ్మ తిట్టేది. పది రోజులు ఎస్తేరుతో మాట్లాడలేదు. పెట్టె తాళంచెవి మెడలో వేసుకున్నాను. సిరాబుడ్డికి బయట గీత గీశాను. చివరికి ఊరగాయ జాడీ కూడా దాచాను.

నిన్న తనే వచ్చి నా ముందు కూర్చుంది.

"నేను రాసేదుంటే నీ ఎదురుగానే రాస్తా. నన్ను యాల అనుమానిస్తావు? నీ కవరు మింద ఎవురి పేరుంటాదో సూసుకో. దాన్ని మొదట సించేది ఎవురు?"

నీ పెళ్ళయిననాటి నుంచి ప్రతి ఉత్తరమూ బావ పేరు రాసి, ఆయన పనిచేసే చోటికే, రైల్వే స్టేషను, కుప్పం అని వేస్తున్నాను. ఆడవాళ్ళకు రాసే ఉత్తరం ఇంటాయన పేరు మీదే వేయాలని అమ్మ నేర్పింది, అలాగే వేశాను. అది నీ చేతికి ఎప్పుడొస్తుందో, విప్పి వస్తుందో మూసి వస్తుందో ఒక్కసారీ అడగలేదు. ఇంత అనుమానం మనిషిని, అనుమానించాల్సినచోట మాత్రం నిద్రపోయాను.

ఎస్తేరుకు క్షమాపణ చెప్పి జాడీ ముందు పెట్టాను. తర్వాత నీ ఉత్తరాలు మూడూ తీసి మళ్ళీ చదివాను. అక్షరాలు నీవే. కానీ చివరిదాంట్లో "మన కుటుంబ గౌరవమును తలచి నాటక ప్రయత్నము విరమించుకొనుము" అని రాసింది నువ్వేనా అక్కా? నువ్వు పుట్టి బుద్ధెరిగాక అలా మాట్లాడావా? ఎవరో చెబుతుంటే రాసినట్టుంది. అలా అనుకోగానే ఏడుపొచ్చింది. మళ్ళీ ఇంకో అనుమానం వచ్చింది. ఒకవేళ నిజంగా నువ్వే వద్దంటున్నావేమో. నాన్న పోయాక నన్ను చదివించింది మీరిద్దరే, ఆ బెంగ నీకుండదా? బావ మాటను కాదనగలను గానీ నీ మాటను కాదనలేను. ఏది నీ మాటో తెలియకపోవడమే నా బాధ.

అందుకే ఈసారి కవరు మీద నీ పేరే రాశాను. పోస్టుమాను అలవాటుగా స్టేషనులోనే ఇచ్చేస్తాడేమో. ఇచ్చినా ఇవ్వనీ, దాచాల్సిందేమీ రాయలేదు.

శనివారం మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. బొగ్గుతో నడిచే బస్సు కదా, పుంగనూరు దగ్గర ఎంతసేపు ఆగుతుందో తెలియదు, సాయంత్రానికి మాత్రం ఇల్లు చేరతాను. నాకోసం ఏమీ వండొద్దు. నీ నల్లంచు చీర మడత విప్పి ఎండకు వెయ్యి, వేషానికి కావాలి. నువ్వు వద్దంటే అవసరముండదు. బావ డ్యూటీలో ఉన్నప్పుడు, మనమిద్దరమే ఉన్నప్పుడు, నన్ను చూసి నీ నోటితో "వద్దు సుగుణా" అను. సోమవారం రూతమ్మగారితో నేనే చెప్పి వేషం వదిలేస్తాను, నిన్ను ఒక్క మాట అనను. ఆయన పక్కన నిలబడి ఉండగా అంటే మాత్రం వినను.

పిల్లలకు ముద్దులు. పక్కింటి పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నాకోసం ప్రార్థన చెయ్యి. బావకు నమస్కారాలు విడిగా చెప్పనక్కర్లేదు, ఈపాటికి ఆయనే చదువుకుని ఉంటారు.

నీ చెల్లెలు,
సుగుణ